కత్తి దూశాక ఎవరు తేల్చాలి?

అందరికీ నమస్కారం. తక్కువ రూల్స్‌తో నడిచే టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేముల్లో పోరాటాన్ని ఎలా కట్టాలి అన్నది ఇవాళ్టి విషయం. అంటే బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రని నడుపుతూ కథ ఆడుకునే గేములు. మీలో చాలామంది ఆడేవాళ్లే. సొంతంగా గేమ్ రాసుకుంటున్నవాళ్లూ ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. కాబట్టి ఆట నడిపే గేమ్ మాస్టర్ అంటే ఎవరు, డీ20 అనే ఇరవై ముఖాల పాచిక ఏమిటి అన్న దగ్గర్నుంచి మొదలుపెట్టను.

పోరాటానికి అన్నిటికన్నా చిన్న రూల్ ఏది? నాకు తెలిసి ఇదీ: "ఏం జరిగిందో గేమ్ మాస్టర్ చెప్తారు." అంతే. ఒక్క వాక్యం. పాచికలు అక్కర్లేదు, పాత్ర వివరాలు రాసుకునే క్యారెక్టర్ షీట్ అక్కర్లేదు. తేలిక అన్నది పేజీల లెక్కే అయితే బహుమతి దీనికే ఇవ్వాలి. కానీ దీంతో ఒకటి రెండు పోరాటాలు నడిపి చూడండి. ముందుగా అలిసిపోయేది గేమ్ మాస్టరే. ఎవరు ముందు కదిలారు, దెబ్బ తగిలిందా, తగిలితే ఎంత, అవతలివాడు పడ్డాడా, పారిపోయాడా, అన్నీ ఒక్క మనిషే తేల్చాలి. పైగా ఒక ఆటగాడి పాత్ర చచ్చిపోతే, "నువ్వే కదా చంపావు" అన్న మాట కూడా ఆ మనిషే పడాలి.

నేను చెప్పదలచుకున్నదల్లా ఇందులోనే ఉంది. రూల్ కొట్టేసినంత మాత్రాన ఆ రూల్ తేల్చే విషయం మాయమైపోదు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. రాసేవాళ్లం ఆ బరువు ఎవరి మీద పడుతోందో చూసుకుని, మోయడానికి వాళ్ల చేతికి ఏదో ఒకటి ఇవ్వాలి.

ఇది కొత్త గొడవేం కాదు. 1824లో రైస్విట్జ్ అనే ప్రష్యా సైనికాధికారి అధికారుల శిక్షణ కోసం ఒక యుద్ధక్రీడ ప్రచురించాడు. దాని పేరు క్రీగ్‌ష్పీల్. మ్యాపులు, పాచికలు, నష్టాల పట్టికలు, అన్నీ ఉన్న ఆట. రానురాను రూల్స్ పెరిగిపోయాయి, ఆట నత్తనడక నడిచింది. 1876లో వెర్డీ దు వెర్నువా అనే మరో అధికారి వచ్చి, ఈ పట్టికలన్నీ తీసిపారేయండి, అనుభవమున్న అంపైర్ ఏం చెప్తే అదే ఫలితం అన్నాడు. ఆట పరుగెత్తింది. మన రూల్స్-లైట్, అంటే తక్కువ రూల్స్ చాలన్న, వాదానికి ముత్తాత ఆయనే అనుకోవచ్చు.

కానీ ఒక్క సంగతి గమనించండి. వెర్డీ ఫ్రాన్స్‌తో జరిగిన 1870-71 యుద్ధంలో ప్రష్యా సేనాని మోల్ట్‌కే సిబ్బందిలో పనిచేసినవాడు. ఆయన మనసులో ఉన్న అంపైర్ కూడా నిజమైన యుద్ధం చూసినవాడే. కొండ ఎక్కుతున్న పటాలం మీద తుపాకులు పేలితే ఏమవుతుందో ఆ మనిషికి తెలుసు. అందుకే పట్టిక తీసేసినా ఆట చెడలేదు, ఎందుకంటే పట్టిక ఆయన తలలోనే ఉంది. మన బల్ల దగ్గర కూర్చునే గేమ్ మాస్టర్ డ్రాగన్‌తో ఎన్నిసార్లు పోరాడి ఉంటారు? (నవ్వులు) మనం పట్టిక తీసేసి, దాని బదులు ఏమీ ఇవ్వకపోతే అది గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టే.

సరే, విషయంలోకి వద్దాం. ఒక రౌండు పోరాటంలో, అంటే అందరికీ ఒక్కో వంతు వచ్చేలోపు, ఎన్ని విషయాలు తేలాలో చూడండి. ముందు కదిలేదెవరు. దెబ్బ తగిలిందా. ఎంత నష్టం. అవతలివాళ్లు ఏం చేస్తారు. ఇంకా కొట్టుకోవాలా, ఆగిపోవాలా. పెద్ద పుస్తకాల గేముల్లో ప్రతిదానికీ ఒక అధ్యాయం ఉంటుంది. మనకి అంత చోటు లేదు. కొన్ని పాచికలకి వదులుదాం, కొన్ని మనుషులకి వదులుదాం, కొన్ని అసలు అడగడమే మానేద్దాం.

అడగడం మానేయగలిగిన వాటిలో మొదటిది "తగిలిందా?" అన్న ప్రశ్న. దీని మీద కాస్త ఎక్కువ సేపు మాట్లాడతాను.

1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ యుద్ధక్రీడల్లోంచి పుట్టింది. అప్పట్నుంచీ మనకి రెండు పాచికల అలవాటు పట్టుకుంది: ముందు తగిలిందో లేదో చూడ్డానికి ఒకటి, తగిలితే ఎంత నష్టమో చూడ్డానికి ఇంకొకటి. ఇద్దరు సమానమైన యోధులు అనుకోండి. ఇద్దరికీ ఇరవై హిట్ పాయింట్లు, అవి అయిపోతే పడిపోతారు. ఇద్దరూ సగం సార్లు కొడతారు, డ్యామేజ్ (దెబ్బ చేసే నష్టం) ఎనిమిది ముఖాల పాచిక, అంటే సగటున నాలుగున్నర. ఒకడు పడాలంటే దాదాపు ఐదు దెబ్బలు తగలాలి. ఐదు తగలాలంటే పదిసార్లు విసరాలి. ప్రతి నాలుగు రౌండ్లలో ఒక రౌండు ఇద్దరికీ తప్పిపోతుంది, అంటే ఆ రౌండు జరిగినా జరగనట్టే. చేతిలో బోలెడన్ని వ్యూహాలు, శక్తులు, స్థానాలు ఉన్న పెద్ద గేములో ఆ ఖాళీ రౌండు పెద్దగా కనిపించదు, ఆలోచించుకోవడానికి వేరే విషయాలుంటాయి. తేలికపాటి గేములో ఆటగాడి దగ్గర ఉన్నదే ఆ ఒక్క విసురు. "తప్పింది. నెక్స్ట్" అంటే, మళ్లీ తన వంతు వచ్చేదాకా ఫోన్ చూసుకుంటాడు. తప్పు అతనిది కాదు.

దీనికి క్రిస్ మెక్‌డోవల్ ఇన్‌టు ది ఆడ్‌లో చేసిన పని నాకు చాలా ఇష్టం. 2014లో వచ్చిన గేమ్. తగిలిందా అన్న పాచికే తీసేశాడు. కొడతానన్నావా, డ్యామేజ్ వెయ్యి. కవచం ఉంటే అందులోంచి ఒకటో రెండో తగ్గుతుంది. ముందుగా హిట్ ప్రొటెక్షన్ పోతుంది. అది రక్తం కాదు, తప్పించుకోగలిగే ఓపిక. కొద్ది నిమిషాలు కూర్చుని గుక్కెడు నీళ్లు తాగితే మొత్తం తిరిగొస్తుంది. అది అయిపోయాక మిగిలిన దెబ్బ నేరుగా పాత్ర బలం సంఖ్య మీద పడుతుంది. అప్పుడు, మిగిలిన బలం ఎంతో చూసుకుని డీ20 వెయ్యాలి, అంత లేదా అంతకు తక్కువ పడకపోతే మనిషి కూలిపోతాడు.

లెక్క చూడండి. బలం పది ఉన్నవాడికి మూడు దెబ్బ పడితే ఏడు మిగిలింది. డీ20 మీద ఏడు లేదా తక్కువ పడే అవకాశం 35 శాతం. అంటే నూటికి 65 సార్లు కూలిపోతాడు. మొదట్లో హిట్ ప్రొటెక్షన్ కూడా ఒక ఆరు ముఖాల పాచికంతే ఉంటుంది. కాబట్టి పోరాటం రెండు మూడు రౌండ్లలో తేలిపోతుంది, అది కూడా భయంకరంగా. ఆ సంగతి ఆటగాళ్లకి మొదటి పూటే అర్థమవుతుంది. ఇక అక్కణ్నుంచి వాళ్లు ఎదురుగా వెళ్లి కొట్టుకోరు. తాళ్లు కడతారు, నూనె పోస్తారు, లంచం ఇస్తారు, చీకటి పడేదాకా ఆగుతారు. చూశారా, రూల్ పోరాటాన్ని చిన్నది చేసింది కానీ, ఆటగాళ్ల ఆలోచనని పోరాటానికి ముందున్న అరగంటలోకి నెట్టింది. అలా నెట్టాలనే రాసిన గేమ్ అది. మీ గేములో వీరులు పది మందిని నరుక్కుంటూ పోవాలని మీకుంటే మాత్రం ఈ రూల్ తెచ్చుకోకండి. చిన్నదిగా ఉంది కదా అని ఎత్తుకొచ్చి పెట్టుకుంటారు చాలామంది, ఆ తర్వాత "మా వీరులు ఎందుకు ఇంత పిరికిగా ఆడుతున్నారు" అంటారు.

ఖాళీ రౌండుకి రెండో మందు అపోకలిప్స్ వరల్డ్ అనే గేమ్ దారి. విన్సెంట్ బేకర్, మెగ్వే బేకర్ రాసింది, 2010. రెండు ఆరు ముఖాల పాచికలు వేసి, పాత్ర సామర్థ్యాన్ని బట్టి ఒక సంఖ్య కలుపుతాం. పది, అంతకు ఎక్కువ అయితే అనుకున్నది జరుగుతుంది. ఏడు నుంచి తొమ్మిది అయితే జరుగుతుంది కానీ ఏదో ఒకటి వదులుకోవాలి. ఆరు, అంతకు తక్కువ అయితే గేమ్ మాస్టర్ వంతు, గట్టిగా తగలొచ్చు. శత్రువులు విడిగా పాచికలు వెయ్యరు. వాళ్ల దెబ్బలన్నీ ఆటగాడి పాచికలోంచే వస్తాయి. ఎవరి పాచికా వృథా పోదు.

అందంగా ఉంది. అందుకే దీని వెనకాల వందల గేములొచ్చాయి. కానీ బరువు ఎటు పోయిందో చూద్దాం. కలిపే సంఖ్య ఒకటి అనుకోండి. ముప్పై ఆరు జోడీల్లో పదింట్లో పూర్తి గెలుపు, పదహారింట్లో మధ్యరకం, పదింట్లో ఓటమి. మధ్యరకం 44 శాతం. సంఖ్య సున్నా అయినా, రెండయినా మధ్యరకం 42 శాతం దగ్గరే ఉంటుంది. ఆటగాడు ఎంత బలవంతుడైనా ఆ మధ్యభాగం పెద్దగా కదలదన్నమాట. మధ్యరకం, ఓటమి కలిపితే ముప్పై ఆరింట ఇరవై ఆరు, 72 శాతం. నలుగురు ఆటగాళ్లు, మూడు రౌండ్లు, పన్నెండు విసుర్లు అనుకుంటే, దాదాపు తొమ్మిది సార్లు గేమ్ మాస్టర్ అప్పటికప్పుడు ఏదో ఒక నష్టం కనిపెట్టాలి. ఒక్క పోరాటంలో తొమ్మిది! మొదటి మూడూ బాగుంటాయి. కత్తి జారింది, దీపం ఆరింది, కాలు మడతపడింది. ఐదోదానికి వచ్చేసరికి, "ఊఁ... మళ్లీ కత్తి జారింది."

కాబట్టి ఈ దారిలో వెళ్లేవాళ్లు పాచిక వెయ్యకముందే ప్రమాదం ఏమిటో చెప్పించండి. "నువ్వు వంతెన మీద వాణ్ని నెట్టబోతున్నావు. తేడా వస్తే నువ్వూ పడతావు. వేస్తావా?" ఇలా ముందే చెప్పేస్తే ఓటమికి సమాధానం రెడీగా ఉంటుంది, ఆటగాడికి కూడా వెనక్కి తగ్గే అవకాశం ఉంటుంది. ఇక మధ్యరకం వచ్చినప్పుడు ఎంపిక ఆటగాడికే ఇచ్చేయండి. క్యారెక్టర్ షీట్ మీదే నాలుగు మాటలు అచ్చువేయండి: గాయం తీసుకో, వస్తువు పోగొట్టుకో, చోటు వదులుకో, తోటివాణ్ని ఇరకాటంలో పెట్టు. ఒకటి గుర్తుపెట్టుకుని కథ చెప్పమనండి. కాగితం మీద నాలుగు పంక్తులు. వాటితో గేమ్ మాస్టర్ నెత్తి మీది బరువు సగం దిగిపోతుంది, ఆటగాడు ఫోన్ చూడ్డం మానేస్తాడు. పేజీలు పెరిగాయా? పెరిగాయి. ఆట తేలికైంది.

ఇప్పుడు ఒక్కడి మీద పదిమంది సమస్య. రూల్స్-లైట్ గేములు ఎక్కువగా బోర్లాపడేది ఇక్కడే, కాబట్టి తొందరపడను.

వంతులవారీగా నడిచే గేములో నలుగురు ఆటగాళ్లు ఒక రాక్షసి మీద పడితే, రాక్షసి ఒకసారి కొట్టేలోపు నాలుగు దెబ్బలు తింటుంది. అంత గొప్ప ప్రతినాయకురాలూ రెండు రౌండ్లలో తుస్సుమంటుంది. ఆటగాళ్లే పాచికలు వేసే పద్ధతిలో ఆ ఇబ్బంది దానంతటదే పోతుంది, ఎందుకంటే నలుగురు విసిరితే రాక్షసికి నాలుగు అవకాశాలు దొరుకుతాయి. కానీ తిరగేసి చూడండి. పద్మవ్యూహంలో ఒక్కడు చిక్కుకున్నాడు, చుట్టూ పదిమంది. అతను ఒకసారే విసురుతాడు కాబట్టి ఆ పదిమందీ కలిసి ఒకసారే కొడతారు. పదిమంది ఉన్నా ఒకడున్నా ఒకటే! కథలో కనిపించే సంఖ్య రూల్లో కనిపించదు.

దీనికి ఒక్కొక్కరు ఒక్కో మార్గం పట్టారు. డంజన్ వరల్డ్ అనే గేములో గుంపుగా మీద పడితే అందరికన్నా పెద్ద డ్యామేజ్ పాచిక వేసి, మొదటివాడు కాక మిగిలిన ప్రతివాడికీ ఒకటి చొప్పున కలుపుతారు. కాబట్టి సంఖ్య పెరిగేకొద్దీ దెబ్బ పెరుగుతూనే పోతుంది. ఇన్‌టు ది ఆడ్‌లో, దాన్నుంచి పుట్టిన కెయిర్న్‌లో, అందరి పాచికలూ వేసి అన్నిటికన్నా పెద్దది ఒక్కటే తీసుకుంటారు. ఆరు ముఖాల పాచిక ఒకటి అయితే సగటు 3.5. రెండైతే 4.47. మూడైతే 4.96. నాలుగైతే 5.24. రెండోవాడు వచ్చినప్పుడు దాదాపు ఒక పాయింటు పెరిగింది, నాలుగోవాడు వచ్చేసరికి పావు పాయింటే. ఎంతమంది వచ్చినా ఆరు దాటదు. ఈ లెక్కల్లో ఒక అభిప్రాయం దాగి ఉంది. మొదటి రూలు "గుంపు చూస్తే పారిపో" అంటోంది. రెండోది "ఇద్దరు ముగ్గురు చుట్టుముడితే చాలు, ఆ పైన ఎందరున్నా ఒకరికొకరు అడ్డమే" అంటోంది. రెండూ నిజానికి దగ్గరగానే ఉంటాయి. మీ ప్రపంచంలో గుంపు ఎంత భయపెట్టాలో మీరు తేల్చుకుని, దానికి సరిపోయే లెక్క రాసుకోండి. ఆ ఒక్క వాక్యం లేకపోతే ప్రతి గేమ్ మాస్టరూ తనకి తోచినట్టు చేస్తారు, అప్పుడు మీ గేమ్ పది బల్లల మీద పది గేములవుతుంది.

ఎవరు ముందు అన్నదాని మీద ఎక్కువ మాట్లాడను. నా దృష్టిలో తేలికపాటి గేములో వ్యక్తిగత ఇనీషియేటివ్, అంటే ఎవరి వంతు ముందో తేల్చడానికి ఒక్కొక్కరూ విడిగా పాచిక వెయ్యడం, అనవసరం. పక్షానికొక పాచిక చాలు, లేదా పరిస్థితి చూసి ఎవరు ముందో చెప్పేయొచ్చు. పొంచి ఉన్నవాడు ముందు కొడతాడు, ఈటె ఉన్నవాడు చాకు ఉన్నవాడికన్నా ముందు కొడతాడు, మాట ముగిసింది. ఆయుధాల విషయమూ అంతే. కత్తికి ఒక పాచిక, గొడ్డలికి ఒక పాచిక అని పట్టిక రాసేకన్నా, ఏ ఆయుధం ఎక్కడ పనికిరాదో రాయండి. ఇరుకు గుహలో పొడవాటి ఈటె తిప్పలేరు. ఆ మాట ఆటలో పనికొస్తుంది. ఆరు ముఖాలా ఎనిమిది ముఖాలా అన్న తేడా సగటున ఒక్క పాయింటు.

చివరిగా, ఎప్పుడు ఆపాలి. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. చాలా గేముల్లో అవతలివాళ్లు ఆఖరివాడు చచ్చేదాకా కొడుతూనే ఉంటారు. ఎందుకంటే ఆగమని రూల్లో ఎక్కడా లేదు. నిజంగా కొట్లాటలో ఉన్న మనిషి గానీ జంతువు గానీ అలా చెయ్యదు. 1981లో టామ్ మోల్డ్‌వే కూర్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ పుస్తకంలో మొరేల్ (ధైర్యం) రూల్ ఉంది. ప్రతి ప్రాణికీ రెండు నుంచి పన్నెండు దాకా ఒక ధైర్యం సంఖ్య. తమ పక్షంలో మొదటివాడు చచ్చినప్పుడు, ఆ తర్వాత సగంమంది పడిపోయినప్పుడు, రెండు ఆరు ముఖాల పాచికలు వెయ్యాలి. ధైర్యం సంఖ్యని దాటితే వాళ్లు పారిపోతారు లేదా లొంగిపోతారు. ధైర్యం ఏడు ఉన్నవాళ్లు మొదటి చావుకే పారిపోయే అవకాశం 42 శాతం. నలభై ఏళ్ల పైబడిన రూల్ ఇది, నాలుగు పంక్తుల్లో పడుతుంది. దీన్ని కొట్టేసి పేజీ మిగుల్చుకున్నవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. ఈ ఒక్క రూలూ పోరాటాన్ని సగానికి కుదిస్తుంది, పైగా బందీలని ఇస్తుంది, పారిపోయి మళ్లీ వచ్చే శత్రువుని ఇస్తుంది.

ఆటగాళ్ల వైపు నుంచి కూడా ఆపే తలుపు ఉండాలి. ఫేట్ కోర్ అనే గేములో పాచిక పడకముందు ఎప్పుడైనా "నేను ఓడిపోయాను" అని ఒప్పుకోవచ్చు. పోరాటం పోతుంది, కానీ ఎలా ఓడిపోయానో చెప్పే హక్కు కొంత నాకు మిగులుతుంది. ఏటిలో కొట్టుకుపోయాననో, చచ్చాడనుకుని వదిలేశారనో. పాచిక పడ్డాక ఆ హక్కు లేదు. ఎంత చిన్న గేమైనా ఈ మాట ఒకటి రాసుకోండి. లేకపోతే ఆటగాళ్లకి పారిపోవడం ఎలాగో తెలియక అక్కడే చస్తారు.

ఇక శత్రువుల గురించి గేమ్ మాస్టర్‌కి మనం ఏం ఇవ్వాలి? మూడు పంక్తులు చాలు. దానికి ఏం కావాలి, ముందు ఏం చేస్తుంది, ఎప్పుడు వదిలేస్తుంది. తోడేళ్ల గుంపు అనుకోండి. ఆకలి. గుంపులోంచి ఒక్కణ్ని విడదీస్తాయి, కుంటుతున్నవాణ్ని మొదట. నిప్పు చూస్తే ఆగుతాయి, రెండు చస్తే పోతాయి. దీనికి సంఖ్యలు ఒకటో రెండో తగిలిస్తే సరి. వెర్డీ అంపైర్ తలలో ఉన్న పట్టిక అంటే ఇదే. మనవాళ్ల తలలో లేదు కాబట్టి కాగితం మీద పెట్టాం.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ప్రశ్న: గేమ్ రాసుకున్నాక పోరాటం బాగుందో లేదో ఎలా పరీక్షించాలి? మేం నలుగురం స్నేహితులమే ఆడుకుంటాం.)

మంచి ప్రశ్న. ముందు ఒంటరిగా పాచికలు వేసి చూడండి. ఒకడు ఒకడితో, నలుగురు ఒకడితో, ఒకడు ఆరుగురితో. ఈ మూడూ నడిపితే లెక్కల్లో ఉన్న చిల్లులు చాలావరకు బయటపడతాయి. తర్వాత మీరు నడపకండి. మీ స్నేహితుల్లో ఇంకొకరి చేతికి కాగితం ఇచ్చి, మీరు పక్కన నోరు మూసుకుని కూర్చోండి. అదే కష్టం. (నవ్వులు) నడిపే మనిషి ఎక్కడెక్కడ ఆగి మీ వైపు చూస్తున్నారో రాసుకోండి. అలా చూసిన ప్రతిచోటా మీ తలలో ఉండి కాగితం మీదకి రాని రూల్ ఒకటి ఉంది.

(ఇంకో ప్రశ్న: ఆ చూసిన ప్రతిచోటా రూల్ రాసుకుంటూ పోతే మళ్లీ పెద్ద పుస్తకమే అవుతుంది కదండీ?)

అవుతుంది, అన్నిటికీ రాస్తే. అందుకే రెండో మనిషి చేత కూడా నడిపించండి. ఒకరే ఆగిన చోట వదిలేయండి, అది వాళ్ల అలవాటు కావచ్చు. ఇద్దరూ ఒకే చోట ఆగి, ఇద్దరూ వేర్వేరుగా తేల్చారనుకోండి. ఆ తేడా వల్ల ఒక పాత్ర చావొచ్చు అనిపిస్తే అక్కడ రాయండి. వాళ్లు వేర్వేరుగా తేల్చినా ఎవరికీ బాధ లేకపోతే రాయకండి. ఉదాహరణకి, విల్లుతో ఎంత దూరం కొట్టొచ్చు అన్న దగ్గర దాదాపు అందరూ ఆగుతారు. ఒకరు యాభై అడుగులంటారు, ఒకరు కనిపించినంత దూరం అంటారు. ఏదైనా ఆట నడిచిపోతుంది. కానీ కింద పడిపోయినవాడు చచ్చాడా, స్పృహ తప్పాడా అన్న దగ్గర ఇద్దరూ రెండు రకాలుగా చెప్తే, అది మాత్రం వెంటనే, మొదటి పేజీలోనే రాసేయండి.